మోటర్‌హోమ్‌లోనే కాపురం ఉండేవారు చలి రాకముందే చూసుకోవలసినవి

అక్టోబరు రాగానే అమెరికాలో మోటర్‌హోమ్ (వంటగది, పడక, స్నానాల గది అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి) ఉన్నవారందరికీ వినిపించే సలహా ఒక్కటే. ట్యాంకుల్లో నీళ్లు పూర్తిగా వదిలేసి, పైపుల్లోకి చలికి గడ్డకట్టని గులాబీ రంగు ద్రవం, యాంటీఫ్రీజ్, ఎక్కించి, బండికి కవరు కప్పి, మళ్లీ వసంతంలో తీయమంటారు. సెలవులకు మాత్రమే బండి తీసేవారికి అది సరైన పద్ధతే. బండే ఇల్లయినవారు మాత్రం జనవరిలోనూ ఆ పైపుల్లో నీళ్లతోనే స్నానాలు చేయాలి, అంట్లు తోముకోవాలి. అందుచేత నీళ్లు, గ్యాసు, కరెంటు అన్నీ నడుస్తూ ఉండగానే బండిని చలికి సిద్ధం చేసుకోవలసి ఉంటుంది.

ఈ పని సెప్టెంబరులోనే మొదలుపెట్టమనడానికి బలమైన కారణం ఉంది. కారు చెడిపోతే షెడ్డులో వదిలి ఇంటికి వచ్చేస్తాము. మోటర్‌హోమ్‌ను షెడ్డులో వదిలితే ఇల్లే అక్కడ ఉండిపోతుంది. చాలా సర్వీసు సెంటర్లు రాత్రిపూట బండిలో పడుకోనివ్వవు, మన వంతు రావడానికి వారాలు పట్టవచ్చు. మేమిద్దరం అపార్ట్‌మెంటు ఖాళీ చేసి బండిలో కాపురం పెట్టిన మొదటి ఏడాది డిసెంబరులో ఫర్నేసు, అంటే బండిని వెచ్చగా ఉంచే గ్యాసు యంత్రం, ఆగిపోతే, కావలసిన భాగం వచ్చేదాకా పదకొండు రోజులు మోటెల్‌లో ఉండవలసి వచ్చింది. సెప్టెంబరులో ఒక్క రాత్రి దాన్ని వేసి చూసుకుని ఉంటే ఆ లోపం అప్పుడే బయటపడేది.

అన్నిటికంటే ముందు పైకప్పు చూడాలి. పగుళ్లు పూడ్చే సీలెంట్ పట్టుకోవాలంటే కప్పు పొడిగా, కాస్త వెచ్చగా ఉండాలి కాబట్టి ఈ పనికి నవంబరు దాకా ఆగకూడదు. వెంట్ల చుట్టూ, ఏసీ అంచున, నిచ్చెన కాళ్లు బిగించిన చోట, కప్పు గోడతో కలిసే అంచుల వెంబడి వేలితో నొక్కుకుంటూ వెళితే సన్నని పగుళ్లు చేతికే తెలుస్తాయి. అక్కడ శుభ్రంగా తుడిచి, మన కప్పు రకానికి సరిపోయే లాప్ సీలెంట్ (కప్పు అతుకుల మీద వేసే రకం) వేయాలి. మామూలు సిలికాన్ వేయకండి, ఎందుకంటే తరువాత దాని మీద మరే సీలెంటూ అంటుకోదు. ఈపీడీఎం రబ్బరు కప్పయితే పెట్రోలియంతో చేసిన క్లీనర్లు కూడా వాడకూడదు, రబ్బరు ఉబ్బిపోతుంది. లోపలికి వచ్చాక సీలింగు మూలలను అరచేత్తో నొక్కి చూడండి. ఎక్కడైనా మెత్తగా తగిలిందంటే నీరు అప్పటికే దిగుతున్నట్టు.

ఇక నీళ్లు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. ఇప్పటి బండ్లలో ఉండే పెక్స్ (వంగే ఒక రకం ప్లాస్టిక్) పైపు ఆ ఒత్తిడికి కొంత సాగి తట్టుకుంటుంది గానీ, దాని చివరల్లో ఉండే ప్లాస్టిక్ ఫిట్టింగులు తట్టుకోలేవు. పగిలేవి సాధారణంగా మన కంటికి ఆనని చోట్ల ఉంటాయి: బయటి గొట్టం తగిలించే ఇన్‌లెట్, టాయిలెట్ వెనుక వాల్వు, పంపు ముందు ఉండే స్ట్రెయినర్ (నలకలను ఆపే జల్లెడ), బయటి షవరు. ఉష్ణోగ్రత 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సున్నా సెల్సియస్‌కు దిగుతుందని తెలిసిన రాత్రి, మంచినీళ్ల ట్యాంకు నింపుకుని, బయటి గొట్టం తీసి, నీళ్లు ఒంపి చుట్టి పెట్టి, పంపు మీద గడపడం అన్నిటికన్నా క్షేమం. వేడి చేసే గొట్టం కొనుక్కున్నా, మనం బండి ఆపుకునే పార్కులో (ఇలాంటి బండ్లకు నీళ్లు, కరెంటు ఇచ్చే చోటు) ఉన్న కుళాయి గడ్డకడితే అది చేయగలిగింది ఏమీ ఉండదు. మురుగు ట్యాంకు వాల్వు మాత్రం ఎప్పుడూ మూసే ఉంచి, ట్యాంకు నిండాక ఒక్కసారిగా వదలాలి. తెరిచి ఉంచితే నీరు కారిపోయి మలం లోపలే పేరుకుంటుంది, గొట్టంలో వంపు ఉన్న చోట గడ్డ కూడా కడుతుంది.

గ్యాసు మిగులుతుందని ఫర్నేసు ఆపి కరెంటు హీటర్లతోనే నెట్టుకురావడం చాలామంది చేసే పొరపాటు. అనేక బండ్లలో ఫర్నేసు గాలి గొట్టాల్లో ఒకటి నేల కిందికి వెళ్లి ట్యాంకులనూ పైపులనూ వెచ్చగా ఉంచుతుంది. హీటరు వల్ల గది వెచ్చబడితే థర్మోస్టాటు ఫర్నేసును వేయదు, మనకు పైన హాయిగా ఉండగానే కింద పైపులు బిగుసుకుపోతాయి. అందువల్ల బాగా చలిగా ఉన్న రాత్రి ఫర్నేసు ఆడుతూ ఉండాలి, హీటరు దానికి తోడుగా మాత్రమే ఉండాలి. సింకు కింద అర తలుపులు కూడా తెరిచి ఉంచండి.

హీటరు విషయంలో ఇంకొక భయం ఉంది. 30 ఆంపియర్ల కనెక్షన్ 120 వోల్టుల మీద గరిష్ఠంగా 3600 వాట్లు ఇస్తుంది. ఒక్క హీటరే 1500 వాట్లు తీసుకుంటుంది, దానికి మైక్రోవేవ్ తోడైతే లోడు అంచుకు చేరినట్టే. బ్రేకరు పడిపోతే నయం; పడకుండా గంటల తరబడి లాగితే ప్లగ్గు కాలుతుంది. రెండో చలికాలంలో మా ప్లగ్గు ఊడదీసి చూస్తే మూడు పిన్నుల్లో ఒకటి గోధుమ రంగుకు తిరిగి, దాని మొదట్లో ప్లాస్టిక్ బొబ్బలా పొంగి కనిపించింది. ఆ పార్కులో సాకెట్ వదులుగా ఉన్నట్టు మేము గమనించలేదు. అప్పటి నుంచి, లోడు పెట్టిన గంటకు ప్లగ్గు వెనుక భాగాన్ని తాకి చూడడం మాకు అలవాటైంది. చేయి ఉంచలేనంత వేడిగా ఉంటే బ్రేకరు ఆపిన తరువాతే ప్లగ్గు తీసి, వేరే సాకెట్ అడగండి.

బ్యాటరీలు కూడా ముఖ్యమే, ఎందుకంటే గ్యాసుతో మండే ఫర్నేసుకు కూడా ఫ్యాను తిరగాలంటే 12 వోల్టుల కరెంటు కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలను సున్నా సెల్సియస్ కంటే తక్కువలో చార్జి చేస్తే లోపల శాశ్వతంగా పాడవుతాయి. మీ దాంట్లో చలికి చార్జింగు ఆపే రక్షణ ఉందో లేదో ఇప్పుడే తెలుసుకోండి. లెడ్ యాసిడ్ అయితే చార్జి నిండుగా ఉన్నప్పుడు గడ్డకట్టదు, ఖాళీ అయితే కడుతుంది.

గ్యాసు దగ్గర ఏ చిన్న అలసత్వమూ పనికిరాదు. మోటర్‌హోమ్‌లో ప్రొపేన్ ట్యాంకు ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి, నింపించాలంటే ఇల్లంతా కదిలించాలి. మంచు కురిశాక అది సాగదు. 30,000 బీటీయూల (బీటీయూ వేడిని కొలిచే ప్రమాణం) ఫర్నేసు సుమారు మూడు గంటలు మండితే ఒక గాలన్ ఖర్చవుతుంది, ఆ లెక్కన వారం ముందే నింపించుకోండి. జాయింట్ల దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి, నిప్పుతో ఎన్నడూ చూడకూడదు. ప్రొపేన్ గాలికంటే బరువైనది కనుక దాని అలారం నేలకు దగ్గరగా ఉంటుంది. అక్కడ సామాన్లు అడ్డం పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారానికి కాలపరిమితి ఉంటుంది, వెనుక ముద్రించిన తేదీ దాటితే పరీక్ష బటన్ మోగినా కొత్తది కొనాల్సిందే. ఫర్నేసు పొగ వెళ్లే రంధ్రం మంచుతో మూసుకుపోకుండా ఉదయం, రాత్రి చూడాలి. చలి వేస్తోందని వంట పొయ్యి వెలిగించి గది వెచ్చచేయడం ప్రాణాంతకం. దయచేసి ఒక్క రాత్రికి కూడా ఆ పని చేయకండి.

మన వంటతో వచ్చే చిక్కు వేరు. అన్నం ఉడికే ఆవిరి, ఇడ్లీ పాత్ర, కుక్కరు విజిల్, వీటన్నిటితోపాటు పొయ్యిలో మండే ఒక గాలన్ ప్రొపేన్ నుంచే ముప్పావు గాలన్‌కు పైగా నీరు ఆవిరిగా పుడుతుంది. అది చల్లని గోడలకు తగిలి చెమటలా కారుతుంది. మేము ఫిబ్రవరిలో ఒకసారి పరుపు ఎత్తి చూస్తే అడుగు ప్లైవుడ్ మీద నల్లని బూజు చుక్కలు వరుసగా ఉన్నాయి, పరుపు అడుగంతా తడి. పరుపు కింద గాలి ఆడేలా చెక్క పట్టీలు వేసి, వంట చేసేటప్పుడు మూతలు పెట్టి, ఫ్యాను వేసి, ఒక కిటికీ వేలెడంత తెరిచి ఉంచడం మొదలుపెట్టాక అది మళ్లీ రాలేదు. లోపలి తేమ 50 శాతం దాటకుండా చూసుకోవడానికి చిన్న హైగ్రోమీటరు చాలు.

చక్రాల సంగతి క్లుప్తంగా చెబుతాను. టైరు మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే సంఖ్యలో చివరి నాలుగు అంకెలు వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గీతలు లోతుగా కనిపించినా వయసు మీరిన టైరును నమ్మవద్దు. చలికి గాలి ఒత్తిడి తగ్గుతుంది కనుక ప్రయాణానికి ముందు చల్లని టైరు మీదే కొలవాలి.

దక్షిణానికి వెళ్లిపోతే ఇవన్నీ అవసరం లేదనుకునేవారు 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో జరిగింది గుర్తుంచుకోవాలి. అప్పుడు గడ్డకట్టే చలితోపాటు కరెంటు కూడా రోజుల తరబడి పోయింది.

మొదటి చలి రాత్రికి ముందు, పది డాలర్ల వైర్‌లెస్ థర్మామీటరు సెన్సారు ఒకటి నీళ్ల పంపు పక్కన పెట్టి, అంకెలు చూపే దాని తెరను మంచం దగ్గర ఉంచుకోండి. అది 36 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగితే లేచి ఫర్నేసు పెంచి, కుళాయి ఒకసారి తిప్పి నీరు వస్తోందో లేదో చూసి పడుకోండి.