షెడ్డులో సగటు వేడి లెక్క కుదిరిన తీరు

గుణుపూర్‌లో మా బావగారికి వరిగడ్డి పుట్టగొడుగుల షెడ్డు ఉంది. థర్మామీటరు చూసి పలక మీద రాస్తారు: ఎండ మండే వేళ గంటగంటకూ, మిగతా వేళల్లో తీరిక దొరికినప్పుడు.

ఉదయం 6కి 22 డిగ్రీలు, 10కి 28, 12కి 34, 1కి 36, 2కి 36, 3కి 34, సాయంత్రం 6కి 28. అన్నీ కూడి 7తో భాగిస్తే 31.1. మధ్యాహ్నానికి నాలుగు ఓట్లు, ఉదయానికి రెండే!

ఉష్ణోగ్రత తెంపు లేకుండా మారే రాశి. దాని సగటంటే, గంటలకు ఎదురుగా వేడిని గీస్తే వచ్చే వక్రరేఖ కింది వైశాల్యాన్ని, అంటే సమాకలనాన్ని, కాలవ్యవధితో భాగించగా వచ్చేది. వక్రరేఖకు సూత్రం లేదు గనుక ట్రెపీజియం పద్ధతి పట్టాను. పక్కపక్కనున్న రెండు రీడింగుల సగటును వాటి మధ్య గంటలతో గుణించి కూడటమే. మొదటి ముక్క 25×4=100. ఆపై 62, 35, 36, 35, 93. మొత్తం 361, 12 గంటలతో భాగిస్తే 30.1.

గరిష్ఠ, కనిష్ఠాల సగటు చాలదా అన్నారు బావగారు. అది 29 చూపుతుంది; సులువే గానీ మధ్యలో ఏం జరిగిందో దానికి పట్టదు.

"ఇంతకీ ఆ 30.1 ఎప్పుడు ఉందోయ్?"

మధ్యమ విలువ సిద్ధాంతం ప్రకారం ఎప్పుడో ఒకప్పుడు ఉండి తీరాలి. ఇక్కడ రెండుసార్లు ఉంది: ఉదయం 10, 12 మధ్య ఒకసారి, సాయంత్రం 5కి కాస్త ముందు ఇంకోసారి.