ఇంట్లోనే సైన్స్ – 4వ పాఠం: ఊపిరి ఎలా లోపలికి వెళ్తుంది?

క్రితం పాఠంలో మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గుండె వేగం లెక్కపెట్టడం నేర్చుకున్నాం. గబగబా మెట్లెక్కితే నాడితో పాటు ఇంకేం పెరుగుతుందో చూడమని చివర్లో అడిగాను. ఊపిరి అని చాలామంది ఇట్టే చెప్పేస్తారు. అది ఎందుకు పెరుగుతుందో చెప్పడానికి మాత్రం ఈ పాఠం సగం దాకా రావాలి.

సెకన్ల ముల్లున్న గడియారం, ఖాళీ ప్లాస్టిక్ బాటిల్, రెండు బెలూన్లు, రెండు గాజు గ్లాసులు, ఒక స్ట్రా దగ్గర పెట్టుకోండి. ముందు రోజు రాత్రే గ్లాసు నీళ్లలో చెంచాడు తడి సున్నం కలిపి మూతపెట్టి ఉంచండి. తెల్లారేసరికి సున్నం అడుక్కి దిగి, పైన తేట నీరు నిలుస్తుంది. కదపకుండా ఆ తేటను మాత్రమే రెండు గ్లాసుల్లోకి వంచుకోండి. పొడి సున్నం వాడొద్దు, నీళ్లు తగిలితే సలసలా మరుగుతుంది. సున్నపు తేట కంట్లో పడినా ప్రమాదమే, పిల్లలు పెద్దవాళ్లను పక్కన పెట్టుకునే చేయాలి.

ముందు లెక్క. మీ ఊపిరి మీరే లెక్కపెట్టుకోకండి. గమనిస్తున్నామని తెలియగానే ఊపిరి తీరు మారిపోతుంది. నాడికి ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే గుండె మన మాట వినదు. ఊపిరి మాత్రం రెండు పగ్గాల మీద నడుస్తుంది. మెదడు అడుగు భాగం దాన్ని తనంతట తానే నడిపిస్తుంది, మనం కావాలనుకుంటే కాసేపు ఆపగలం కూడా. అందుకే అనుభవమున్న నర్సులు నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, కళ్లతో ఛాతీ కదలిక లెక్కపెడతారు. మీరూ అలాగే ఎవరైనా టీవీ చూస్తున్నప్పుడు ముప్ఫై సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. పెద్దవాళ్లు ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. పుట్టిన పిల్లల్లో ఇది 30 నుంచి 60 దాకా ఉంటుంది.

ఒక్కో ఊపిరికి దాదాపు 500 మిల్లీలీటర్ల గాలి. నిమిషానికి 15 సార్లంటే ఏడున్నర లీటర్లు. రోజంతా కదలకుండా కూర్చున్నా పది వేల లీటర్లు దాటుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఊపిరితిత్తులు గాలిని పీల్చుకుంటాయని అందరం అంటాం. కానీ వాటికి తమంతట తాము ఉబ్బే కండరమే లేదు. చేసి చూడండి. ఊపిరి వదిలేసి, ముక్కు, నోరు మూసి, గాలి పీలుస్తున్నట్టే ఛాతీని పైకి లేపే ప్రయత్నం చేయండి. గట్టిగా వద్దు, రెండు సెకన్లు చాలు. చెంపలు లోపలికి లాగినట్టు, ఛాతీ బిగిసినట్టు ఉంటుంది. అలాగే ఉంచి ముక్కు వదలండి. గాలి బుస్సుమని లోపలికి దూసుకొస్తుంది. ముందు ఛాతీ పెద్దదవడానికి సిద్ధమైంది, గాలి వెనకాల వచ్చింది. లోపల చోటు పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, బయట ఉన్న గాలి తన ఒత్తిడితో తానే వచ్చి ఆ చోటు నింపుతుంది. మనం చేసేది చోటు ఇవ్వడమే.

ఆ చోటు ఇచ్చేవి రెండు. ఒకటి పక్కటెముకల మధ్య కండరాలు, ఇవి ఎముకల గూడును పైకి, బయటికి లేపుతాయి. రెండోది ఉదరవితానం. ఛాతీకి, పొట్టకు మధ్య గొడుగులా పైకి ఉబ్బి ఉండే పల్చటి కండరం ఇది. బిగుసుకోగానే చదునుగా కిందికి దిగుతుంది, కింద ఉన్న పొట్ట ముందుకు జరుగుతుంది. వెల్లకిలా పడుకుని ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద పెట్టుకోండి. మామూలుగా ఊపిరి తీసినప్పుడు పొట్ట మీది చెయ్యే ఎక్కువ లేస్తుంది. ఊపిరి వదలడానికైతే ప్రత్యేకంగా పనేమీ లేదు, ఈ కండరాలు సడలితే చాలు. ఎక్కిళ్లు కూడా ఈ ఉదరవితానం పనే. అది ఉన్నట్టుండి బిగుసుకున్నప్పుడు వస్తాయి.

బాటిల్ అడుగు కత్తిరించి, మూతి దగ్గర ఒక బెలూన్‌ను లోపలికి వేలాడేలా తగిలించండి. రెండో బెలూన్‌ను కోసి ఆ రబ్బరును అడుగున బిగించి కట్టండి. రబ్బరును కిందికి లాగితే లోపలి బెలూన్ ఉబ్బుతుంది. ఎవరూ ఊదలేదు, గమనించండి. ఇది మంచి నమూనాయే కానీ నాకు పూర్తిగా నచ్చదు. బాటిల్ గోడ కదలదు, మన పక్కటెముకలు కదులుతాయి. పైగా బెలూన్ చుట్టూ బోలెడు ఖాళీ ఉంటుంది. నిజంగానైతే ఊపిరితిత్తులు పల్చటి ద్రవపు పొరతో ఛాతీ గోడకు అంటుకునే ఉంటాయి. పరీక్షలో బొమ్మ గీసి ఊరుకోకుండా ఈ రెండు తేడాలూ రాయండి, మీకు విషయం తెలిసిందని దిద్దేవాళ్లకు అర్థమవుతుంది.

ఎత్తైన పర్వతాల మీద గాలిలో ఆక్సిజన్ శాతం తక్కువని చాలామంది అనుకుంటారు. ఎవరెస్ట్ శిఖరం మీద, 8,849 మీటర్ల ఎత్తులో కూడా అది 21 శాతమే. తగ్గేది ఒత్తిడి. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరున్న దాంట్లో దాదాపు మూడో వంతు. ఛాతీ అంతే చోటు ఇచ్చినా అందులో నిండే గాలి పలచన.

లోపలికి వెళ్లిన గాలి కొమ్మలుగా చీలిన గొట్టాల గుండా వాయుగోణులనే బుడగల్లాంటి గదుల్లోకి చేరుతుంది. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి ఇవి కోట్ల సంఖ్యలో ఉంటాయి. వీటి గోడ ఎంత పల్చనంటే, ఆక్సిజన్ అటు రక్తంలోకి, కార్బన్ డయాక్సైడ్ ఇటు గాలిలోకి వాటంతట అవే జారిపోతాయి. ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి, అంతే.

అయితే "ఆక్సిజన్ పీలుస్తాం, కార్బన్ డయాక్సైడ్ వదులుతాం" అనే పాత వాక్యం సగం నిజమే. పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం. వదిలే గాలిలో ఇంకా 16 శాతం దాకా ఆక్సిజన్ ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ మాత్రం 4 శాతానికి, అంటే వంద రెట్లకు పెరుగుతుంది. ఊపిరి ఆగినవారికి నోటితో ఊదిన గాలి పనికొచ్చేది ఆ మిగిలిన ఆక్సిజన్ వల్లే.

ఆ వంద రెట్ల తేడాను కళ్లతో చూడొచ్చు. ఒక గ్లాసు సున్నపు తేటలో స్ట్రాతో మెల్లగా ఊదండి. పొరపాటున కూడా పీల్చొద్దు. కాసేపట్లో తేట పాలలా తెల్లబడుతుంది. కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి నీళ్లలో కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారింది. రెండో గ్లాసులోకి సైకిల్ పంపుతో మామూలు గాలి కొట్టండి, అంత త్వరగా మారదు. ఈ రెండో గ్లాసు లేకపోతే ప్రయోగం సగమే. తెల్లబడింది మీ ఊపిరి వల్లా, లేక ఏ గాలి తగిలినా తెల్లబడేదా అన్నది తేలదు. ఓపికుంటే మొదటి గ్లాసులో ఇంకా ఊదుతూ ఉండండి. తెలుపు మెల్లగా విరిగి మళ్లీ తేట అవుతుంది. వాననీరు సున్నపురాతిని కరిగించి గుహలు తొలిచేదీ ఈ చర్యతోనే.

మెట్లెక్కిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు. కండరాలు ఎక్కువ పని చేసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ పుడుతుంది. మెదడు ముఖ్యంగా చూసుకునేది రక్తంలో దాని మోతాదునే, ఆక్సిజన్‌ను కాదు. ఊపిరి బిగబట్టినప్పుడు ఇక ఆగలేమనిపించేది కూడా అందుకే. ఈతకు ముందు గబగబా ఊపిరి తీసి వదిలి నీళ్లలో మునిగేవాళ్లు చేసే తప్పు ఇక్కడే ఉంది. కార్బన్ డయాక్సైడ్‌ను ముందే ఊడ్చేస్తే హెచ్చరిక రాదు, ఆక్సిజన్ అయిపోయి నీళ్లలోనే స్పృహ తప్పుతుంది. ఆ పని ఎప్పుడూ చేయకండి.

మిగతా జీవుల సంగతి క్లుప్తంగా. కప్పకు ఉదరవితానం లేదు, గొంతుతో గాలిని లోపలికి తోస్తుంది. కీటకాలకు ఒంటి పక్కల రంధ్రాలుంటాయి. వానపాముకు తడి చర్మమే చాలు. చేపల పని కష్టం. లీటరు నీటిలో దొరికే ఆక్సిజన్, లీటరు గాలిలో ఉన్నదాంట్లో ముప్ఫయ్యో వంతు కూడా కష్టమే. నీళ్లు వేడెక్కితే అదీ తగ్గుతుంది. ఎండాకాలం చెరువుల్లో చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం అందుకే.

మొక్కలకు మాత్రం కొంచెం చోటివ్వాలి. కొవ్వొత్తి ఆరిపోయిన గాలిని పుదీనా మొక్క మళ్లీ బాగుచేస్తుందని 1771లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త ప్రీస్ట్‌లీ గమనించాడు. దానికి వెలుతురు ఉండాలని, ఆకుపచ్చ భాగాలే ఆ పని చేస్తాయని 1779లో డచ్ వైద్యుడు ఇంగెన్‌హౌజ్ తేల్చాడు. కానీ మొక్కలు కూడా మనలాగే రాత్రీ పగలూ ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. పగలు తయారుచేసేది వాడుకునేదానికన్నా చాలా ఎక్కువ కాబట్టి మనకు అది కనబడదు, అంతే. రాత్రి గదిలో కుండీ ఉంటే ప్రమాదమని భయపడక్కర్లేదు. ఆ గదిలో పడుకున్న మనిషి వదిలే కార్బన్ డయాక్సైడ్ దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

అభ్యాసం: అప్పుడే కోసిన ఆకును వేడి నీళ్లలో ముంచి ఏ వైపు బుడగలు ఎక్కువ వస్తున్నాయో చూడండి. తర్వాత ఒకే మొక్కవి, ఒకే సైజువి రెండు ఆకులు తీసుకుని ఒకదానికి పైవైపు, రెండోదానికి కిందివైపు వాసెలిన్ పూసి దారానికి వేలాడదీయండి. ఏది ముందు వాడిపోయిందో, ఎందుకో రాసిపెట్టుకోండి. ఆకు రంధ్రాల గురించిన 5వ పాఠం ఆ జవాబుతోనే మొదలవుతుంది.