ఊరి ఫుట్‌బాల్ టీమ్‌ని "ఒకే కుటుంబం" అని చెప్పుకోవాలంటే ఎలా చెయ్యాలి?

శ్రీకాకుళంలో మేం నలుగురం కలిసి పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తన్నాం, పొద్దున్న ఐదున్నరకి గ్రౌండ్, స్కూలు టైమ్‌కి ఇంటికి. ఈమధ్య పలాస నుంచి, విజయనగరం నుంచి కూడా ఫోన్లు వస్తన్నాయి, టీమ్ పెడదాం అనుకుంటన్నాం, స్పాన్సర్ని ఎలా అడగాలి, బేనర్ మీద ఏటి రాయించాలి అని. దాదాపు అందరూ రాయిస్తామనేది ఒకటే మాట, "మేమంతా ఒకే కుటుంబం". ఇంగ్లండ్‌లో, స్పెయిన్‌లో పెద్ద పెద్ద క్లబ్బులు కూడా ఆ మాట మీదే జెర్సీలు, టికెట్లు అమ్ముకుంటాయి కాబట్టి మనకీ అదే తోస్తుంది. మాట మంచిదే. కానీ ఆ మాట చూసి తల్లులు నిజంగా నమ్మీస్తారు, నమ్మి పిల్లల్ని పంపిస్తారు, అందుకే దాన్ని వాడే ముందు చెయ్యాల్సిన పనులు కొన్నున్నాయి, మేం చేసినవీ, చెయ్యక దెబ్బ తిన్నవీ రాస్తన్నాను.

ముందు ఒక వారం గేటు దగ్గర నిలబడండి

బేనర్ తర్వాత. ఎవరు ఎవర్ని తీసుకొస్తన్నారో చూడండి. మా దగ్గర దింపేది ఎక్కువగా అమ్మలూ, తాతలూ. నాన్నల్లో చాలామంది చెన్నైలోనో హైదరాబాద్‌లోనో బిల్డింగ్ పనుల్లో ఉంటారు, సముద్రం పక్క ఊళ్ల వాళ్లయితే గుజరాత్ వీరావల్ వెళ్లి బోట్ల మీద నెలల తరబడి ఉండిపోతారు. మరి అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ నవ్వుతూ నిలబడ్డ ఫొటో బేనర్ మీద వేసీసి ఇదే కుటుంబం అంటే మా గుంటల్లో, అంటే పిల్లల్లో, సగం మందికి అది వాళ్ల ఇల్లు కాదు. అందుకని మేం చేసిన మొదటి పని వాట్సాప్ గ్రూపు, ప్రతి మేచ్ నుంచీ ప్రతి పిల్లాడిదీ ఒక నిమిషం వీడియో అందులో పెట్టడం. ఒకాయన వీరావల్‌లో బోటు మీంచి ఒడ్డుకొచ్చి, సిగ్నల్ దొరికిన రోజు మూడు మేచ్‌ల వీడియోలూ వరసపెట్టి చూసీసి కొడుక్కి ఫోన్ చేసి, "బంతి ఎడంకాలికొస్తే కుడికాలికి మార్చుకున్నావేట్రా" అని అడిగాడంట. ఆ పిల్లాడు మర్నాడు ఐదింటికే వచ్చి గోడకేసి ఎడంకాలితోనే కొడతన్నాడు.

ఇంగ్లండ్‌లో వాట్‌ఫర్డ్ అని ఒక క్లబ్బుంది, అప్పట్లో నాలుగో డివిజన్‌లో ఉండే చిన్న క్లబ్బు. 1976లో గాయకుడు ఎల్టన్ జాన్ దానికి చైర్మన్ అయ్యాడు, 1977లో గ్రాహం టేలర్ మేనేజర్‌గా వచ్చాడు. ఇంగ్లండ్ గ్రౌండ్లలో తన్నులాటలకి భయపడి జనం పిల్లల్ని తీసుకురాని రోజులవి. వీళ్లు స్టేడియంలో కుటుంబాలకి వేరే చోటు కేటాయించారు, ఆటగాళ్లని స్కూళ్లకీ హాస్పిటళ్లకీ పంపించారు. 1982కల్లా అన్నిటికన్నా పైనుండే ఫస్ట్ డివిజన్‌కి వెళ్లిపోయారు, ఆ మరుసటి సీజన్‌లో లీగ్‌లో రెండో స్థానం. ఫేమిలీ క్లబ్ అన్న పేరు వాళ్లకి ఈ పనుల వల్ల వచ్చింది.

చేతల్లో కనిపించేవి

ఇవి చిన్నవే. ఆడవాళ్లు కూర్చోడానికి నీడ, తాగడానికి నీళ్లు, తాళం వెయ్యని బాత్రూమ్. సాయంత్రం మేచ్ అయితే చీకటి పడకముందే అవ్వాలి, ఎందుకంటే ఆడపిల్లల్ని చీకట్లో పంపరు, తమ్ముడు ఆడుతుంటే అక్క వచ్చి చూడ్డం కూడా ఆగిపోద్ది. అన్నదమ్ములిద్దరు చేరితే రెండోవాడికి సగం ఫీజు. గ్రౌండ్‌లో కోచ్ నోటంట బూతు రాకూడదు, ఇది అన్నిటికన్నా కష్టం, మా వాళ్లకే ఏడాది పట్టింది.

స్పాన్సర్ దగ్గరే అసలు పరీక్ష

ఇక్కడ మేం తప్పు చేశాం, దాచుకోను. కొన్నేళ్ల కిందట ఒకాయన వచ్చి 22 జెర్సీలు ఫ్రీగా ఇస్తాం, జెర్సీ ముందు మా ఏప్ గుర్తు ఒక్కటీ ఉంటే చాలు అన్నాడు. డబ్బు పెట్టి ఆడే గేమ్ ఏప్ అది. మేం అంత ఆలోచించలేదు, గుడ్డ బాగుంది, కుట్టు బాగుంది, పంచీసాం. మర్నాడు పొద్దున్న ఒకమ్మ ఆ జెర్సీని ఉతికి ఆరేసి మడతపెట్టి కేరీబేగ్‌లో పెట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. "మాస్టారూ, మా తమ్ముడు ఈ బొమ్మున్న దాంట్లోనే ఆడి ఆటో అమ్మీసాడండి, మా గుంటడు ఇది తొడుక్కుని వాడి ముందు తిరగడం నాకిష్టం లేదు" అంది. గొంతు పెంచలేదు కూడా. ఆ వారమే 22 జెర్సీలూ వెనక్కి తీసుకుని ఇచ్చీసాం, మా జేబులోంచి ఒక్కోటి 400 చిల్లర పెట్టి సాదావి కుట్టించాం, తర్వాత మూడు నెలలకి ఒక బియ్యం మిల్లాయన ఆ ఖర్చు పెట్టుకుని తన పేరు వేయించుకున్నాడు.

మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2020లోనే నిషేధించారు, 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది, ఇండియా క్రికెట్ జెర్సీ మీదున్న స్పాన్సర్ కూడా అలాంటి ఏపే, అదీ అప్పుడే పోయింది. ఇంగ్లండ్‌లో అయితే ఏళ్ల తరబడి ఒకపక్క ఫేమిలీ స్టాండ్ అని పెట్టి ఇంకోపక్క జెర్సీ ముందు బెట్టింగ్ కంపెనీ పేరు వేసుకున్నారు, పిల్లల సైజు జెర్సీల మీద మాత్రం ఆ లోగో తీసేసి అమ్మేవారు. పిల్లాడి జెర్సీ మీద తీసేసినా వాడు చూసే ఆటగాడి గుండెల మీద అదే ఉంటుంది కదా. చివరికి 2023లో అక్కడి పెద్ద లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ కలిసి, 2025-26 సీజన్ అయ్యాక జెర్సీ ముందు భాగంలో బెట్టింగ్ పేర్లు ఉండవని ఒప్పుకున్నాయి.

స్పెయిన్‌లో బార్సిలోనా క్లబ్బు కథ కూడా చెప్పాలి. "క్లబ్బు కన్నా ఎక్కువ" అన్నది వాళ్ల నినాదం, క్లబ్బుకి ఓనర్లు సభ్యులే. 1899లో పుట్టిన క్లబ్బు వందేళ్లకి పైగా జెర్సీ ముందు డబ్బు తీసుకుని ఎవరి పేరూ వెయ్యలేదు. 2006లో పిల్లల కోసం పనిచేసే ఐక్యరాజ్య సమితి సంస్థ యూనిసెఫ్ పేరు వేసినప్పుడు కూడా ఎదురు వీళ్లే ఏడాదికి 15 లక్షల యూరోలు ఇచ్చారు. 2011 నుంచి డబ్బుకి ఖతార్ ఫౌండేషన్ పేరు, 2013 నుంచి ఖతార్ ఎయిర్‌వేస్ పేరు ముందుకొచ్చాయి. డబ్బు కావాలి, కాదనను, కానీ ఆ రోజు సభ్యుల్లో చాలామంది ఎందుకు బాధపడ్డారో నాకు ఆ కేరీబేగ్ చూశాకే అర్థమైంది.

కాబట్టి స్పాన్సర్ దగ్గరికెళ్లే ముందు ఒక కాగితం రాసుకోండి. ఎంతమంది పిల్లలు, ఏడాదికి ఎన్ని మేచ్‌లు, ఎంత డబ్బు దేనికి, లోగో ఎక్కడ ఎంత సైజులో వస్తాది, అన్నీ. కింద ఇంకో లైను, ఏ వ్యాపారాల పేరు వెయ్యమో అది. మందు, గుట్కా, బెట్టింగ్, అధిక వడ్డీ అప్పులు అని మేం రాశాం. దాన్ని పిల్లల ఇంట్లో వాళ్లందరికీ చదివి వినిపించి అప్పుడు బజారుకెళ్లండి. జీడిపప్పు వ్యాపారి, బట్టల కొట్టు, మెడికల్ షాపు, ఎవరైనా సరే ఆ కాగితం చూస్తే మన మాటకి విలువిస్తారు.

పిల్లల కష్టాన్ని పోస్టర్ చెయ్యొద్దు

స్పాన్సర్లు కొందరు అడుగుతారు, తండ్రి లేని పిల్లాడెవడైనా ఉంటే ఫొటో ఇవ్వండి, జనానికి బాగా తగులుతాది అని. ఇవ్వకండి. ఇంట్లో వాళ్లని అడక్కుండా ఏ ఫొటో పెట్టకూడదు, ఒప్పుకున్నా సరే గోల్ కొట్టిన ఫొటో పెట్టండి.

పేరు, రంగు మార్చాలంటే అందర్నీ అడగాలి

1911లో దాదాపు అందరూ ఉత్తకాళ్లతో ఆడి బ్రిటిష్ సైన్యం టీమ్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ అనే కప్పు కొట్టిన కలకత్తా టీమ్ మోహన్ బగాన్. 2020లో ఏటీకే అన్న ఇంకో క్లబ్బుతో కలిపి పేరు ముందు ఆ మూడక్షరాలు తగిలిస్తే అభిమానులు మూడేళ్లు పోరాడారు, 2023లో తీసేశారు. వేల్స్‌లో కార్డిఫ్ సిటీ ఓనర్ 2012లో నీలం జెర్సీని ఎర్రగా మార్చేసి, 2015లో మళ్లీ నీలానికే వచ్చాడు. మన ఊళ్లో అయితే దాత వాళ్ల నాన్నగారి పేరు టీమ్‌కి పెట్టమంటాడు. టోర్నమెంట్ కప్పుకి పెట్టండి, టీమ్ పేరు మాత్రం పిల్లలదీ వాళ్ల ఇళ్లదీ.

డబ్బు తక్కువైనప్పుడు

2016లో లివర్‌పూల్ ఒక టికెట్ 77 పౌండ్లు చేస్తామంటే మేచ్ మధ్యలో సరిగ్గా 77వ నిమిషానికి దాదాపు 10,000 మంది లేచి వెళ్లిపోయారు, కొన్ని రోజుల్లోనే ఓనర్లు క్షమాపణ చెప్పి రేటు వెనక్కి తీసుకున్నారు. 2024లో మాంచెస్టర్ యునైటెడ్ ఆ సీజన్‌లో ఇంకా మిగిలిన టికెట్లు 66 పౌండ్లు చేసి పిల్లలకీ ముసలివాళ్లకీ ఉన్న రాయితీ కూడా తీసేసింది, అదే ఏడాది 250 మంది దాకా ఉద్యోగుల్ని తగ్గించింది. ఇంట్లో డబ్బు తక్కువైతే ముందు పిల్లల కంచంలోంచి తీస్తామా?

మా దగ్గర నెల నెలా లెక్క గేటుకి అంటిస్తాం, బంతులకెంత, బస్సుకెంత, ఇంకా ఎంత తక్కువుంది. ఫీజు కట్టలేని పిల్లాడి పేరు అందులో ఉండదు, వాడికెవరు కట్టారో కూడా ఉండదు. గత వేసవిలో లోటు చూసి ఒక తాత తన పెన్షన్‌లోంచి రెండు బంతులు కొనిచ్చారు, పేరు రాయొద్దన్నారు, రాయలేదు.

ఇవన్నీ అయ్యాక బేనర్. మా బేనర్ మీద ప్రాక్టీస్ టైమ్, ఫీజు, పిల్లలకి బాధ్యత ఎవరిదో వాళ్ల ఫోన్ నంబర్లు, కింద మిల్లాయన పేరు ఉంటాయి. కుటుంబం అన్న మాటకి చోటు వదిలాం గానీ, జెర్సీ వెనక్కిచ్చిన ఆవిడ్నే అడిగాం ఏం రాయమంటారమ్మా అని. "గుంటల్ని ఎన్నింటికి వదుల్తారో పెద్దక్షరాల్తో రాయండి చాలు" అంది, అదే రాయించాం.