రంపానికి పదును పెట్టాలంటే ముందు వైస్ బిగింపు చూడండి

చేతిరంపానికి పదును పెడుతుంటే ఆకురాయి కీచుమంటూ ఎగిరిపడుతోందా? చాలాసార్లు లోపం ఆకురాయిది కాదు, బిగింపుది. రంపాన్ని రెండు చెక్కపట్టీల మధ్య పెట్టి, పళ్లు మాత్రమే కాస్త పైకి కనిపించేలా బెంచ్ వైస్‌లో (బల్లకు అమర్చి, రెండు దవడల మధ్య వస్తువును పట్టి ఉంచే పనిముట్టులో) బిగించండి. రేకు ఊగదు, ఆకురాయి మెత్తగా నడుస్తుంది. వైస్ దవడలు మీ మోచేతి ఎత్తులో ఉంటే నడుం కూడా పట్టేయదు.

ముక్కను దవడల ఒక చివరే బిగించాల్సి వస్తే, రెండో చివర అదే మందమున్న చెక్క పెట్టండి. లేకపోతే దవడ పక్కకు లాగేస్తుంది. ఇంకా గట్టిగా బిగియాలని వైస్ పిడికి గొట్టం తొడగడం మాత్రం వద్దే వద్దు. పోత ఇనుము వంగదు, పగులుతుంది!

బోరు మోటారు ఇనుప గొట్టాలకైతే పైప్ వైసే సరైనది. వి ఆకారపు పళ్ల మధ్య గొట్టం తిరగదు, నొక్కుకుపోదు.

మన కోనసీమలో, అందులోనూ అంతర్వేది వైపు, ఉప్పుగాలికి వైస్ స్క్రూ ఊరికే తుప్పు పడుతుంది. వానలకు ముందే గ్రీజు రాయండి. అయితే ఇనుప రజను బ్రష్‌తో పూర్తిగా దులిపాకే రాయాలి. రజను కలిసిన గ్రీజు మరలను అరగదీసేస్తుంది.