నికోటిన్‌ను కూడా మాన్పించే ఈ-సిగరెట్‌ను డిజైన్ చేయడం ఎలా?

ఇప్పుడున్న ఈ-సిగరెట్లు సిగరెట్ మాన్పిస్తాయి గానీ, వాటిని మాన్పించే దారి మాత్రం వాటిలో ఉండదు. 2019లో వెలువడిన ఒక బ్రిటన్ ట్రయల్‌లో 886 మంది పొగతాగేవాళ్లు పాల్గొన్నారు. ఏడాది తర్వాత చూస్తే ఈ-సిగరెట్ తీసుకున్నవాళ్లలో 18 శాతం, నికోటిన్ ప్యాచ్, గమ్ లాంటివి తీసుకున్నవాళ్లలో 9.9 శాతం మంది సిగరెట్ మానేశారు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ-సిగరెట్‌తో మానేసినవాళ్లలో 80 శాతం మంది అప్పటికీ దాన్ని లాగుతూనే ఉన్నారు, ప్యాచ్ వర్గంలో ఆ లెక్క 9 శాతమే. మనం డిజైన్ చేయాల్సింది ఆ 80 శాతం కోసం.

పనిలోకి దిగేముందు మీ దేశంలో చట్టం చూసుకోండి, ఎందుకంటే భారత్‌తో సహా కొన్ని దేశాల్లో వీటి తయారీయే నేరం.

అందరికీ మొదట తట్టే ఐడియా, లిక్విడ్‌లో నికోటిన్ తగ్గించుకుంటూ పోదాం అని. ఇది ఒక్కటే చేస్తే పని జరగదు, ఎందుకంటే ఒంటికి ఎంత నికోటిన్ అలవాటైందో అంత రాబట్టుకునేదాకా మనిషి లాగుతూనే ఉంటాడు, అదీ తనకు తెలియకుండానే. దమ్ముకు 5 మిల్లీగ్రాముల లిక్విడ్ ఆవిరవుతుందనుకోండి. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న లిక్విడ్ అయితే ఆ దమ్ములో సుమారు 0.09 మిల్లీగ్రాముల నికోటిన్ వస్తుంది. ఒక సిగరెట్ నుంచి ఒంట్లోకి వెళ్లేది 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు కాబట్టి పన్నెండు, పదిహేను దమ్ములు ఒక సిగరెట్‌తో సమానం అనుకోవచ్చు. ఇప్పుడు లిక్విడ్‌ను 10కి దించారు. రెండు సెకన్లు లాగేవాడు నాలుగు సెకన్లు లాగుతాడు, బటన్ మీద బొటనవేలు తీయడు, నికోటిన్ ఎప్పటిలాగే అందుతుంది, పైగా కాయిల్ (లిక్విడ్‌ను ఆవిరి చేసే తీగచుట్ట) ఎక్కువసేపు వేడెక్కి ఫార్మాల్డిహైడ్ లాంటి హానికర రసాయనాలు కూడా ఎక్కువగా పుడతాయి. తగ్గించామని మనం అనుకుంటాం, నిజానికి అతనికి హాని పెంచాం.

అందుకే పరికరం దమ్ములు లెక్కపెడితే చాలదు, మిల్లీగ్రాములు లెక్కపెట్టాలి. దమ్ము ఎన్ని సెకన్లు సాగింది, కాయిల్‌కు ఎంత పవర్ వెళ్లింది అన్న రెండూ తెలిస్తే ఎంత లిక్విడ్ ఆవిరైందో బాగానే అంచనా వేయొచ్చు (ముందు ల్యాబ్‌లో తూకం వేసి పట్టిక తయారు చేసుకోవాలి, కాయిల్ మార్చిన ప్రతిసారీ అది మారుతుంది). దమ్ము నాలుగు సెకన్లు దాటితే కాయిల్ ఆగిపోవాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ కాయిల్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది కాబట్టి దాన్ని చూసే ఉష్ణోగ్రతను అదుపులో పెట్టొచ్చు, లిక్విడ్ అయిపోయి దూది మాడే పరిస్థితిని కూడా పసిగట్టొచ్చు.

తగ్గించడానికి నాకు నచ్చే పద్ధతి రెండు ట్యాంకులు, రెండు చిన్న కాయిళ్లు. ఒకదాంట్లో నికోటిన్ లిక్విడ్, రెండోదాంట్లో అదే ఫ్లేవర్ నికోటిన్ లేకుండా. పవర్‌ను రెండింటికీ పంచే నిష్పత్తి వారం వారం కొద్దిగా మారుతుంది. ఆవిరి తగ్గదు, రుచి మారదు, వారం వారం సీసా మార్చే పని లేదు, అంటే ‘ఈ రోజు నుంచి తక్కువ’ అన్న టెన్షన్ కూడా లేదు.

ఎంత చొప్పున తగ్గించాలి? చాలామంది సమానంగా తగ్గిస్తారు, అక్కడే దెబ్బతింటారు. 20 నుంచి 17కి దిగడం 15 శాతం తగ్గడం, 6 నుంచి 3కి దిగడం సగానికి సగం. చివరి మెట్లే నిటారుగా ఉంటే జారిపోవడం ఖాయం. ప్రతి మెట్టూ అంతకుముందున్న దాంట్లో 15 శాతం తగ్గేలా పెట్టండి: 20, 17, 14.5, 12.3 అలా. వారానికో మెట్టు చొప్పున దాదాపు మూడు నెలల్లో 3 దగ్గరికి వస్తాడు. మొదటి వారం మాత్రం ఏమీ తగ్గించకండి, ఏ వేళ ఎంత లాగుతున్నాడో రికార్డు చేయండి చాలు. నికోటిన్ సగం ఖాళీ కావడానికి సుమారు రెండు గంటలే పడుతుంది, కాబట్టి రాత్రంతా నిద్రపోయి లేచేసరికి ఒంట్లో పెద్దగా మిగలదు, పొద్దున్నే లాగే దమ్మును వదలడం అన్నిటికన్నా కష్టం. ఊరికే ఫోన్ చూస్తూ లాగే దమ్ముల్లో ముందు కోత పెట్టండి, పొద్దుటి కోటాను (ఆ వేళకు ఇంత నికోటిన్ అన్న పరిమితిని) ఆఖరికి ఉంచండి.

గొంతులో తగిలే ఆ చురుకు సంగతి మర్చిపోవద్దు. నికోటిన్ సాల్ట్ (ఆమ్లం కలిపిన నికోటిన్) మెత్తగా దిగుతుంది, ఎక్కువ మోతాదులో అది మంచిదే గానీ మోతాదు పడిపోయాక ఉత్త గాలి పీల్చినట్టుంటుంది. కింది మెట్లలో ఫ్రీబేస్ నికోటిన్‌కు (ఆమ్లం కలపని దానికి) మారితే తక్కువలోనే ఆ చురుకు దొరుకుతుంది.

కోటా అయిపోగానే తాళం వేసే డిజైన్ నాకు అస్సలు నచ్చదు. పరికరం మొండికేస్తే మనిషి సిగరెట్ వెలిగిస్తాడు, అంతకంటే నష్టం ఇంకేముంది? కోటా దాటితే నికోటిన్ లేని ట్యాంకు నుంచి ఆవిరి రావాలి, అదీ చాలకపోతే ఒక బటన్ నొక్కి ఒక మెట్టు వెనక్కి వెళ్లే వీలుండాలి, ఆ పైన ఆ మెట్టు మీదే ఒక వారం నిలబడితే సరి.

మిగతావి మామూలు జాగ్రత్తలే: పిల్లలు తెరవలేని మూత (నికోటిన్ లిక్విడ్ మింగితే విషం), బ్యాటరీకి ఓవర్‌చార్జ్, షార్ట్ సర్క్యూట్ రక్షణ, ఫ్లేవర్లలో డైఅసిటైల్ (వెన్న రుచినిచ్చే, పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు చేసే రసాయనం) లేకుండా చూడటం. గర్భిణులూ గుండెజబ్బు ఉన్నవాళ్లూ డాక్టర్‌ను అడిగాకే ఇలాంటిది ముట్టుకోవాలి.

ఇక పరీక్షించేటప్పుడు స్క్రీన్ మీది లెక్కను నమ్మకండి. లాలాజలంలో కోటినిన్ (నికోటిన్‌ను ఒళ్లు మార్చేసే పదార్థం) చూడండి, ఒంట్లోకి నిజంగా ఎంత నికోటిన్ వెళ్తోందో అది చెబుతుంది. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కూడా చూడండి, అది పొగాకు కాలితే వచ్చేదే గానీ ఈ-సిగరెట్‌తో పెరిగేది కాదు. స్క్రీన్ సగానికి తగ్గిందంటూ కోటినిన్ కదలకుండా ఉంటే, మోనాక్సైడ్ ఎక్కువగా ఉన్నవాడు చాటుగా సిగరెట్ కాలుస్తున్నట్టు, తక్కువగా ఉన్నవాడి దగ్గర వేరే ఈ-సిగరెట్ అయినా ఉండాలి, లేదంటే మీ తూకం పట్టికే తప్పయి ఉండాలి. ముందు పట్టికను సరిచూసుకోండి, ఆ తర్వాతే అతన్ని అడగండి.