చెడు వార్తకు మార్కెట్ అడ్డదిడ్డంగా కదిలిందా? ముందు ఇవి చూడండి

ఆర్థిక వార్త బలహీనంగా వస్తే షేర్లు తగ్గుతాయి, ఈల్డ్ (బాండ్‌పై వచ్చే రాబడి శాతం) తగ్గి బాండ్ల ధర పెరుగుతుంది, చమురు, రాగి దిగుతాయి, బంగారం ఎక్కుతుంది. ఇది అందరికీ తెలిసిన లెక్కే. ఇది తప్పిన రోజు ఎక్కడ వెతకాలన్నదే ఇక్కడి విషయం.

అంకె పడిపోయింది, షేర్లు ఉలకలేదు, పలకలేదు

అంచనా ఎంతో చూశారా? చాలామంది చూడరు. గత నెల కంటే తగ్గిందన్నది వార్త కాదు. మార్కెట్ ముందే లెక్కేసుకున్న అంకెకూ, వచ్చిన అంకెకూ మధ్య తేడాయే వార్త. ఎకనామిక్ క్యాలెండర్‌లో (ఏ అంకె ఎప్పుడు వస్తుందో, అంచనా ఎంతో చూపే పట్టిక) ఆ రెండు గడులు పోల్చి చూస్తే సగం సందేహాలు అక్కడే తీరతాయి. టైము కూడా గమనించండి. అమెరికా ఉద్యోగాల అంకె మనకు వేసవిలో సాయంత్రం 6 గంటలకు, చలికాలంలో 7కు వస్తుంది. అప్పటికి షేర్లు కొని అమ్మే ఎన్‌ఎస్‌ఈ మూతపడి ఉంటుంది, బంగారం, చమురు లాంటి సరుకుల ఎంసీఎక్స్ నడుస్తుంటుంది. సాధారణంగా అది శుక్రవారం కాబట్టి మన షేర్ల స్పందన సోమవారమే.

అంచనాతో తేడా కొంచెమే, అయినా అన్నీ ఊగిపోయాయి

అసలు దొంగ ఇక్కడున్నాడు: పాత నెలల సవరణ.

2025 ఆగస్టు 1నే తీసుకోండి. జులైలో అమెరికాలో 73,000 ఉద్యోగాలు పెరిగాయన్నారు. అంచనా లక్ష పైచిలుకు. ఈ అంకె తీసే సర్వే పొరపాటు పరిధే అటూ ఇటూ లక్షకు పైగా ఉంటుంది కనుక, ఆ తేడా ఒక్కటే అయితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. కానీ అదే ప్రకటనలో మే అంకెను 1,44,000 నుంచి 19,000కు, జూన్‌ను 1,47,000 నుంచి 14,000కు దించేశారు. రెండు నెలల్లో కలిపి 2,58,000 మాయం. అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 1.6 శాతం పడింది, అక్కడి రెండేళ్ల ప్రభుత్వ బాండ్ ఈల్డ్ దాదాపు పావు శాతం దిగింది, బంగారం ఎగిసింది. శీర్షిక అంకె ఒక్కటే చూసినవాళ్లకు ఇది పిచ్చి మార్కెట్‌లా కనబడింది.

కంపెనీల జవాబులు ఆలస్యంగా వస్తాయి కాబట్టి ప్రతి నెలా వెనకటి రెండు నెలలనూ తిరగరాస్తారు. చిక్కేమిటంటే, చాలా క్యాలెండర్లు ‘గతం’ గడిలో పాత అంకెను చెరిపి కొత్తది పెట్టేస్తాయి. అందుకే అంకె వచ్చే ముందే ఆ గడిని రాసి పెట్టుకోండి. ప్రకటనలో సవరణల పేరా చివర్లో ఉంటుంది, అక్కడిదాకా చదవండి. తర్వాత రెండు లెక్కలు. ఒకటి, అంచనాతో తేడాకు సవరణలను కలపడం: పై ఉదాహరణలో సుమారు 30,000 లోటు కాస్తా 2,90,000 దరిదాపుల్లోకి పోతుంది. రెండోది, మూడు నెలల సగటు: 73, 14, 19 వేలు కలిపి మూడుతో భాగిస్తే 35 వేల చిల్లర. మార్కెట్ చూసి బెదిరింది దాన్నే. తిరగేసి కూడా జరుగుతుంది: అంకె తక్కువగా వచ్చి, పాత నెలలు పైకి సవరిస్తే ఈల్డ్ పెరగొచ్చు.

వార్త చెడ్డదే, షేర్లు పెరిగాయి

కారణం వడ్డీ కోత ఆశ: వృద్ధి తగ్గితే కేంద్ర బ్యాంకు వడ్డీ తగ్గిస్తుందని మార్కెట్ లెక్క. 2024 నవంబర్ 29న మన జీడీపీ వృద్ధి 5.4 శాతమే వచ్చింది, రిజర్వ్ బ్యాంక్ అంచనా 7. సోమవారం సెన్సెక్స్ 445 పాయింట్లు పెరిగింది, పదేళ్ల ఈల్డ్ తగ్గింది. డిసెంబర్ 6న సీఆర్‌ఆర్ (బ్యాంకులు రిజర్వ్ బ్యాంక్ దగ్గర ఉంచాల్సిన నగదు వాటా) అర శాతం తగ్గించారు. ఇలాంటప్పుడు ముందు ఈల్డ్ చూడండి, షేర్లు తర్వాత.

ఈల్డ్ తగ్గినా మీ బాండ్ ఫండ్ కదల్లేదంటే దాని డ్యూరేషన్ (ఈల్డ్ మారితే విలువ ఎంత కదులుతుందో చెప్పే కొలత) చూడండి. డ్యూరేషన్ 8 అయితే, ఈల్డ్ పావు శాతం తగ్గినప్పుడు విలువ సుమారు 2 శాతం పెరుగుతుంది. అతి తక్కువ గడువు బాండ్లలో పెట్టే లిక్విడ్ ఫండ్‌లో ఆ తేడా కంటికి ఆనదు.

షేర్లు, బాండ్లు రెండూ పడ్డాయి

వృద్ధి కంటే ధరల భయం ఎక్కువైందని అర్థం. 2022లో అమెరికాలో జరిగింది ఇదే. ఆ జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతం.

మిగతావి

చమురు మాత్రమే వేరే దారి పట్టిందంటే చమురు ఉత్పత్తి దేశాల కూటమి ఒపెక్ ప్లస్ వార్తలు చూడండి. బంగారం ఎంసీఎక్స్‌లో మాత్రమే తేడాగా ఉంటే రూపాయి, లేదా దిగుమతి సుంకం: 2024 జులై 23న సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు ఇక్కడి ధర ఒక్క దెబ్బకు కూలింది. ఇవి అరుదు, వీటితో మొదలుపెట్టకండి.