టీషర్ట్ మీద నాలుగు రంగులు, మధ్యలో ఆరబెట్టకుండా వేయడం ఎలా

స్క్రీన్ ప్రింటింగ్‌లో, అంటే ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ పెట్టి దాని మెష్ (ఫ్రేముకి బిగించిన సన్నని వల) లోంచి ఇంకుని బట్ట మీదకి దించే పనిలో, ఒక రంగు లోగోలు చక్కగా వేసేవాళ్ళు కూడా నాలుగు రంగుల ఆర్డర్ రాగానే ప్రతి రంగు తర్వాత ఫ్లాష్ కొడుతూ (పైనుంచి హీటర్‌తో కొన్ని సెకన్లు వేడి చేసి ఇంకుని పైపైన గట్టిపరుస్తూ) కూర్చుంటారు, దాంతో పీసుకి పట్టే టైం మూడింతలు అవుతుంది, ప్యాలెట్ (టీషర్ట్ తొడిగే పలక) వేడెక్కిపోతుంది, స్క్రీన్‌లో ఇంకు గట్టిపడుతుంది, చివరికి రేటు గిట్టుబాటు కాదు. లేత రంగు కాటన్ టీషర్ట్ మీద అయితే ఇదంతా అక్కర్లేదండి. తడి ఇంకు మీదే తడి ఇంకు వేసుకుంటూ పోయి చివర్లో ఒక్కసారి క్యూర్ చేస్తే, అంటే వేడితో పూర్తిగా గట్టిపరిస్తే సరిపోతుంది, దీన్నే వెట్ ఆన్ వెట్ అంటారు. కాకపోతే ఇది ఫ్లాష్ మానేసినంత మాత్రాన రాదు, ఆర్ట్‌వర్క్ దగ్గర్నుంచే దాన్ని దృష్టిలో పెట్టుకుని పని చేయాలి.

నేను చెప్పేది ప్లాస్టిసాల్ ఇంకు గురించి. పీవీసీ పొడిని ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవంలో కలిపి చేస్తారు దీన్ని, గాలికి ఆరదు, స్క్రీన్‌లో వదిలేసి భోజనానికి వెళ్ళొచ్చినా అలాగే ఉంటుంది. వేడి తగిలితేనే గట్టిపడుతుంది, మామూలు ప్లాస్టిసాల్‌కి పొర మొత్తం దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ చేరాలి. అంటే మీరు నాలుగు రంగులు వేసేలోపు మొదటిది ఆరిపోతుందేమో అన్న భయం లేదు. భయం ఇంకోటి ఉంది.

రెండో స్క్రీన్ దించినప్పుడు దాని అడుగు భాగం మొదటి రంగు తడి మీద ఆనుతుంది కదా, పైకి లేపేటప్పుడు కొంత ఇంకు ఎత్తుకుపోతుంది. ఒకసారి స్క్రీన్ తిరగేసి చూడండి, మొదటి రంగు బొమ్మ అచ్చంగా అడుగున అంటుకుని కనపడుతుంది. తర్వాతి టీషర్ట్ మీద అదే ఇంకు కొంత తిరిగి దిగుతుంది, కొంత మళ్ళీ ఎక్కుతుంది, ఇలా కొన్ని పీసులయ్యాక ఎక్కేది దిగేది సమానమై ప్రింట్ నిలకడకి వస్తుంది. అందుకే మొదటి కొన్ని పీసులకీ తర్వాత వచ్చేవాటికీ రంగులో తేడా ఉంటుంది. పాత బనియన్ ముక్కలు, డ్యామేజీ టీషర్ట్‌లు దాచుకోండి, జాబ్ మొదలుపెట్టేటప్పుడు వాటి మీద రంగు నిలకడకి వచ్చేదాకా కొట్టి అప్పుడు మాత్రమే మంచి పీసు ఎక్కించండి. చాలామంది అడుగున ఇంకు కనపడగానే కంగారుపడి ప్రతిసారీ గుడ్డతో తుడిచేస్తారు, అప్పుడు లెక్క మళ్ళీ మొదటికొస్తుంది, ప్రతి పీసూ ఒక్కో రకంగా వస్తుంది. అంచులు ముద్దగా అవుతుంటేనో, పక్క రంగులోకి పాకుతుంటేనో తప్ప తుడవొద్దు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వినాయక చవితి కమిటీ వాళ్ళ తెల్ల కాటన్ టీషర్ట్, ఛాతీ మీద గణపతి, పసుపు, నారింజ, ఎరుపు, నలుపు. కోరెల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో సెపరేషన్ చేసేటప్పుడు, అంటే ఒక్కో రంగునీ విడిగా తీసేటప్పుడు, నలుపు గీత కింద మిగతా రంగుల్ని కొంచెం లోపలికి జరపడం అందరికీ అలవాటే, అది పర్లేదు, ఎందుకంటే నలుపు అన్నిటినీ కప్పేస్తుంది. కానీ పసుపు పక్కన ఎరుపు ఉన్నచోట ఎరుపు కింద పసుపు నిండుగా పోసి పెట్టకండి. తడి మీద తడి పడితే అక్కడ రెండు పొరల మందం వస్తుంది, ఎరుపు కాస్తా నారింజలోకి తిరుగుతుంది, పైగా తర్వాతి స్క్రీన్‌కి ఇంకా ఎక్కువ అంటుకుంటుంది. పసుపులోంచి ఎరుపు ఆకారాన్ని కత్తిరించేసి రెండు అంచులూ కలిసేట్టు పెట్టుకోండి, మీ ప్రెస్‌లో స్క్రీన్ ఎంత అటూ ఇటూ కదులుతుందో అంత మేరకే సన్నగా ఒకదాని మీద ఒకటి ఎక్కించండి, వెంట్రుకవాసి చాలు.

ఏ రంగు ముందు అన్నదే అసలు పాయింట్. లేతది ముందు, ముదురుది తర్వాత, నలుపు ఆఖర్న, ఇది అందరూ చెప్పేది, కారణం కూడా సింపుల్, నలుపు స్క్రీన్ అడుక్కి పసుపు అంటుకుంటే నలుపుకి వచ్చే నష్టం లేదు, పసుపు స్క్రీన్ అడుక్కి నలుపు అంటుకుంటే మాత్రం పసుపు చచ్చిపోతుంది. రెండో రూల్ ఏంటంటే చిన్న ఏరియా ముందు, పెద్ద ఏరియా తర్వాత, ఎందుకంటే ముందు వేసిన రంగుని తర్వాతి స్క్రీన్లన్నీ తాకుతాయి, అది పెద్దదైతే ఎత్తుకుపోయే ఇంకు కూడా ఎక్కువే. మరి గణపతి వెనకాల పెద్ద పసుపు సూర్యబింబం ఉంటే రెండు రూల్సూ కొట్టుకుంటాయి. నా మాట ఏంటంటే ప్రెస్ గట్టిగా ఉండి ప్రతిసారీ స్క్రీన్ అదే చోట దిగుతుంటే పెద్ద పసుపుని నారింజ, ఎరుపుల తర్వాత, నలుపుకి ముందు వేయొచ్చు, అప్పుడు ఎరుపు ఆ పసుపు స్క్రీన్ అడుగున స్టెన్సిల్ (ఇంకు దిగకుండా మెష్‌ని మూసే పొర) మూసి ఉన్న చోటే అంటుకుంటుంది కాబట్టి పసుపులో కలవదు. చేతి ప్రెస్‌లో స్క్రీన్ పట్టుకునే చేతులు కాస్త ఊగుతుంటే మాత్రం లేతదే ముందు వేసి, ఆ ఒక్క రంగుకి సన్నని మెష్ వాడి పొర పల్చగా ఉంచండి. అంతకీ కుదరకపోతే ఆ పసుపు తర్వాత ఒక్క ఫ్లాష్ కొట్టండి, మూడు ఫ్లాష్‌ల చోట ఒకటి అంటే ఇంకా లాభమే.

పొర పల్చగా ఉండాలన్నాను కదా, సగం గెలుపు అక్కడే ఉంది. 43టీ, అంటే సెంటీమీటరుకి 43 దారాలున్న మెష్ పెట్టి ఇంకు దట్టంగా దించేస్తే వెట్ ఆన్ వెట్ కుదరదు. సాలిడ్ రంగులకి 77టీ లేదా 90టీ, అంటే అంగుళం లెక్కలో దాదాపు 195, 230, సన్నని గీతలకీ డాట్లకీ 120టీ, అంటే 305 చుట్టుపక్కల. మెష్ బిగుతు బాగుండాలి, డ్రమ్ము కొట్టినట్టు మోగాలి, వదులుగా ఉన్న మెష్ తడి ఇంకు మీద అతుక్కుని నెమ్మదిగా లేస్తుంది, లేస్తూ లేస్తూ ఇంకుని పీక్కొస్తుంది. స్క్రీన్‌కీ టీషర్ట్‌కీ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల గ్యాప్ ఉంచండి, స్క్వీజీ (ఇంకుని లాగే రబ్బరు పట్టీ) దాటిన వెంటనే మెష్ టపీమని పైకి లేవాలి. స్క్వీజీ రబ్బరు గట్టిదనం 70 షోర్ చుట్టూ ఉండేది తీసుకోండి, అంచు పదునుగా ఉండాలి, గుండ్రంగా అరిగిపోయిన రబ్బరుతో ఎంత ఒత్తినా ఇంకు ఎక్కువే దిగుతుంది.

స్ట్రోక్ ఒక్కటే. ఒకే ఒత్తిడి, ఒకే స్పీడు, స్క్వీజీని మరీ పడుకోబెట్టకుండా దాదాపు 75 డిగ్రీల్లో నిలబెట్టి లాగండి, లాగాక మెష్‌లో ఇంకు మిగలకుండా క్లీన్‌గా కనపడాలి. రెండోసారి లాగితే రంగు బాగా పడుతుంది అనిపిస్తుంది, నిజానికి అది పక్క రంగుని నలిపేస్తుంది. ఇంకు చిక్కగా ఉండి లాగడం కష్టమైతే ముందు డబ్బాలో బాగా కలపండి, ప్లాస్టిసాల్ కలిపేకొద్దీ పల్చబడుతుంది, అప్పటికీ కాకపోతేనే రెడ్యూసర్ (ఇంకుని పల్చబరిచే ద్రవం), అది కూడా డబ్బా మీద రాసిన శాతం దాటకుండా, ఎక్కువైతే క్యూర్ సరిగ్గా కాదు. టీషర్ట్ ప్యాలెట్‌కి గమ్‌తో గట్టిగా అతుక్కుని ఉండాలి, స్క్రీన్ లేపినప్పుడు బట్ట దాంతో పాటు లేచిందంటే రంగులు జరగడం ఖాయం.

తడి మీద తడి వేయడంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రంగులు కలవడం. పసుపు నుంచి ఎరుపుకి మెల్లగా మారే షేడ్ కావాలనుకోండి, రెండిటినీ హాఫ్‌టోన్ డాట్లుగా, అంటే షేడ్‌ని బట్టి చిన్నవీ పెద్దవీ అయ్యే చుక్కలుగా, అంగుళానికి 45 లైన్లలో తీసి, 120టీ స్క్రీన్ల మీద, పసుపు 22.5 డిగ్రీల కోణంలో, ఎరుపు 52.5లో పెట్టి వేస్తే మధ్యలో నారింజ దానంతటదే వస్తుంది, నారింజకి వేరే స్క్రీన్ అక్కర్లేదు. ఫ్లాష్ కొట్టి ఉంటే డాట్లు ఒకదాని మీద ఒకటి గరుగ్గా కూర్చుంటాయి, తడిగా ఉంటే ఒకదాంట్లో ఒకటి కరుగుతాయి. దీనికి కవరేజీ ఎక్కువుండే ఇంకు పనికిరాదు, పారదర్శకంగా ఉండేదే కావాలి, లేదా హాఫ్‌టోన్ బేస్ (రంగు లేని పారదర్శక బేస్) కలుపుకోండి.

నల్ల టీషర్ట్ అయితే కథ మారుతుంది. అక్కడ తెల్ల అండర్‌బేస్, అంటే రంగుల కింద వేసే తెల్ల పొర తప్పదు, దాన్ని ముందు వేసి ఫ్లాష్ చేయాలి, ముట్టుకుంటే వేలికి అంటకుండా ఉంటే చాలు, కొన్ని సెకన్ల పని. పూర్తిగా ఉడికించేస్తే పై రంగులు దానికి సరిగ్గా పట్టవు, ఉతికితే పొరలా ఊడొస్తాయి. ఫ్లాష్ తర్వాత కాస్త చల్లారనిచ్చి, దాని మీద మిగతా రంగులన్నీ వెట్ ఆన్ వెట్. మెరుపు కోసం పైన తెలుపు చుక్కలు ఉంటే అవి మాత్రం ఆఖర్న వేయండి, లేత రంగు ముందు అన్న రూల్ ఇక్కడ వర్తించదు, వాటి మీద ఇంకో స్క్రీన్ దిగితే తెల్లదనం పోతుంది.

వాటర్ బేస్డ్ పిగ్మెంట్ ఇంకు వాడేవాళ్ళు అడుగుతుంటారు మాకు కుదరదా అని. కుదురుతుంది, అది బట్టలోకి ఇంకిపోతుంది కాబట్టి పైకి అంటేది తక్కువ, కాకపోతే మెష్‌లోనే ఆరిపోయే గుణం ఉంది, మన ఎండాకాలంలో మరీను. పొడవాటి టేబుల్ మీద వరసగా పీసులు అతికించి ఒక రంగు చివరిదాకా వేసుకుంటూ వెళ్ళే పద్ధతిలో, రెండో రంగుతో తిరిగొచ్చేసరికి మొదటిది చేతికి అంటనంతగా ఆరి ఉంటుంది, కాబట్టి అక్కడ ఈ తంటా చాలావరకు లేదు.

ఇక క్యూరింగ్. నాలుగు రంగులు కలిసిన చోట మందం ఎక్కువ, పైన ఉడికి కింద పచ్చిగా ఉండిపోయే ప్రమాదం ఉంది. గన్ థర్మామీటర్ పై పొర వేడినే చూపిస్తుంది, దాన్నొక్కదాన్నే నమ్ముకోకుండా చల్లారాక ప్రింట్‌ని రెండు చేతులతో సాగదీయండి, పగుళ్ళొస్తే ఉడకలేదని అర్థం, డ్రయ్యర్‌లో పీసుల్ని తీసుకెళ్ళే కన్వేయర్ బెల్టు స్పీడు తగ్గించండి. ఆర్డర్ మొత్తం ప్యాక్ చేసేముందు ఒక పీసు ఉతికి చూడండి. పాలిస్టర్ జెర్సీలైతే ఈ వేడికి బట్ట రంగే పైకెక్కి తెల్ల ఇంకు గులాబీగా మారొచ్చు, వాటికి తక్కువ వేడికి క్యూర్ అయ్యే ఇంకు వేరే ఉంటుంది, అది అడిగి తీసుకోండి. డ్రయ్యర్ ఉన్న గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి.

జాబ్ అయ్యాక స్క్రీన్ అడుగున ఉన్న కలగాపులగం ఇంకుని గీకి మంచి డబ్బాలో వేయకండి, వేరే డబ్బాలో దాచండి, ముదురు గోధుమ రంగుగా ఎక్కడో అక్కడ పనికొస్తుంది. పారేసేదైతే వేడి చేసి గట్టిపరిచి చెత్తలో వేయండి, డ్రైనేజీలో మాత్రం వద్దు. స్క్రీన్ క్లీన్ చేసే సాల్వెంట్ ఫ్లాష్ యూనిట్ పక్కన తెరవకండి, నిప్పంటుకుంటుంది.